ఆ వార్డులో నర్సు ఏం తొడుక్కోవాలి?

ఒంట్లో బాగాలేనివాళ్లకు నర్సు తెల్ల దుస్తులు ధైర్యం. మనసు బాగాలేనివాళ్లకు ఒక్కోసారి అవే భయం. అలాగని మామూలు చీరలో వస్తే... ఎవరు నర్సో, ఎవరు చుట్టమో తెలియని అయోమయం. మానసిక వైద్యశాలల్లో నర్సు దుస్తుల గురించి ప్రపంచం డెబ్బై ఏళ్లుగా వాదించుకుంటోంది. చూడ్డానికి చిన్న విషయమే. కానీ దాని వెనక ఓ రోగి నమ్మకం ఉంది. ఓ నర్సు ప్రాణం కూడా ఉంది.

రాత్రి రెండు గంటలు. మానసిక వైద్యశాలలో ఓ వార్డు. నిద్రపట్టని కుర్రాడొకడు మంచం మీద లేచి కూర్చున్నాడనుకోండి. మూడు రోజుల కిందటే ఇంట్లోవాళ్లు బలవంతంగా తీసుకొచ్చి చేర్చారు. తనని చంపడానికి ఎవరో కుట్ర పన్నుతున్నారని అతని నమ్మకం. చెవిలో ఎవరో అదే పనిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అంతలో వరండా చివర మసక వెలుతురులో తెల్లటి ఆకారం ఒకటి కదిలింది. అడుగు అడుగుకీ తాళాల గుత్తి చప్పుడు. దగ్గరికొచ్చింది నర్సే. నిద్రపోయాడో లేదో చూసి వెళదామని వచ్చింది. కానీ అతనికి కనిపించింది నర్సు కాదు. చేరిన రోజున నలుగురు పట్టుకుంటే తనకు సూది పొడిచిన తెల్ల దుస్తులు!

అదే సమయానికి పక్క వార్డులో మతిమరుపు ముదిరిన పెద్దావిడ ఒకరు మంచం దిగి తలుపు కోసం తడుముకుంటోంది. తనెక్కడుందో ఆమెకు తెలియదు. కొడుకూ కోడలూ కనిపించడం లేదు. అప్పుడు అదే తెల్ల దుస్తుల మనిషి ఎదురైతే? 'నర్సమ్మ వచ్చింది. అయితే ఇది ఆసుపత్రే' అని కుదుటపడుతుంది.

దుస్తులు అవే. చూసే కళ్లు వేరు. ఒకరికి బెదురు, ఇంకొకరికి భరోసా. మరి ఆ నర్సు ఏం తొడుక్కోవాలి?

దీపధారిణి ఒకవైపు... తాళాల గుత్తి ఒకవైపు!

నర్సు అనగానే అందరికీ ఫ్లోరెన్స్ నైటింగేల్ గుర్తొస్తుంది. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికులకు సేవ చేయడానికి ఆమె 38 మంది మహిళలను వెంటబెట్టుకుని వెళ్లింది. అప్పట్లో నర్సు పనికి సమాజంలో పెద్ద గౌరవం లేదు. 'వీళ్లు శిక్షణ పొందినవాళ్లు, మర్యాదగా చూడండి' అని చెప్పకుండానే చెప్పింది యూనిఫామే. తర్వాత 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరుతో నర్సుల బడి మొదలైంది. క్రిముల సంగతి తెలిశాక తెలుపు శుభ్రతకు గుర్తయింది. మన దగ్గరికి వచ్చేసరికి అది తెల్ల చీరా, తల మీద టోపీ అయింది.

మానసిక వైద్యశాలల కథ మాత్రం వేరు. అక్కడి నర్సు పనికి మూలం దీపధారిణి కాదు, కాపలా మనిషి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని పిచ్చాసుపత్రుల్లో పనిచేసే అటెండెంట్లు ముదురు రంగు కోటూ, టోపీ పెట్టుకుని, నడుముకి తాళాలు వేలాడదీసుకునేవాళ్లు. చూడ్డానికి అచ్చం జైలు వార్డర్లే. మన దేశంలోనూ 1912 నాటి లూనసీ చట్టం పేరులోనే రోగికి 'పిచ్చి' ముద్ర ఉంది. పెద్ద పెద్ద గోడలు, ఇనుప కటకటాలు, ఖాకీ తొడుక్కున్న అటెండెంట్లు... చాలాకాలం ఇదే మన మానసిక వైద్యశాలల రూపం. 1999లో జాతీయ మానవ హక్కుల సంఘం, బెంగళూరులోని నిమ్‌హాన్స్‌తో కలిసి దేశంలోని 37 మానసిక వైద్యశాలలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. వాటిలో చాలావాటి కట్టడమూ నడిచే తీరూ జైళ్లను తలపించేలా ఉన్నాయన్నది అందులోని ముఖ్యమైన మాట.

మన ఊళ్లలో సరదాకి తిట్టుకునే తిట్లు గుర్తున్నాయా? తెలంగాణలో 'ఎర్రగడ్డకు పంపాలి' అంటారు. విశాఖ వైపు చినవాల్తేరు పేరు చెబుతారు. వైద్యం చేసే చోటు తిట్టుగా మారిందంటే కారణం ఆ జైలు ముద్రే. ఆ ముద్ర గోడల మీదే కాదు, అక్కడ పనిచేసేవాళ్ల దుస్తుల మీదా పడింది.

తెల్లకోటు విప్పేసిన డాక్టరు

మొదట ఈ దుస్తుల్ని అనుమానంగా చూసినవాళ్లలో డాక్టర్లే ఎక్కువ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో మాక్స్‌వెల్ జోన్స్ అనే సైకియాట్రిస్టు కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఆసుపత్రి అంటే డాక్టరు చెప్పడం, రోగి వినడం కాదు. అందరూ కలిసి బతికే ఓ చిన్న ఊరులా ఉండాలన్నది ఆయన ఆలోచన. రోజూ రోగులూ, నర్సులూ, డాక్టర్లూ కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి. అలా కూర్చున్నప్పుడు కొందరు యూనిఫాంలో, కొందరు పైజమాలో ఉంటే మాట కలుస్తుందా? అందుకే ఇలాంటి చోట్ల యూనిఫాంలు క్రమంగా మాయమయ్యాయి.

ఇటలీలో ఫ్రాంకో బసాలియా ఇంకాస్త ముందుకెళ్లారు. 1961లో గొరీజియా పట్టణంలోని మానసిక వైద్యశాలకు ఆయన డైరెక్టరుగా వచ్చారు. రోగులను కట్టేయడం మాన్పించారు. తాళాలు తీయించారు. తనూ, తన బృందమూ తెల్లకోట్లు పక్కన పెట్టేశారు. రోజూ జరిగే సమావేశాల్లో రోగులూ సిబ్బందీ పక్కపక్కనే కూర్చునేవాళ్లు. ఆయన మొదలుపెట్టిన ఉద్యమం చివరికి 1978లో ఇటలీలో 180వ నంబరు చట్టానికి దారితీసింది. పాతకాలపు మానసిక వైద్యశాలలను మూసేయాలన్నది ఆ చట్టం సారాంశం.

అదే 1961లో అమెరికాలో ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 'అసైలమ్స్' అనే పుస్తకం రాశారు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మనిషి సొంత బట్టలు, సొంత వస్తువులు తీసేసుకోవడంతోనే అతని వ్యక్తిత్వాన్ని ఒలిచేయడం మొదలవుతుందని ఆయన విశ్లేషించారు. ఆ రోజుల్లో ఇదో సంచలనం. రోగికి యూనిఫాం తొడిగితే అతను 'కేసు' అయిపోతాడు. మరి నర్సుకి తొడిగితే? ఆమె 'అధికారం' అయిపోతుంది. ఇద్దరి మధ్యా మాట ఎలా పుడుతుంది? మానసిక వైద్యంలో మాటే కదా సగం మందు!

తీసేశాక తెలిసొచ్చింది...

ఈ ఆలోచనలు పాకడంతో 1960, 70 దశకాల్లో అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ప్రయోగాలు చేశాయి. కొన్నాళ్లు నర్సుల్ని యూనిఫాంలో, ఇంకొన్నాళ్లు మామూలు దుస్తుల్లో రమ్మని తేడా గమనించాయి. కొన్ని చోట్ల మామూలు దుస్తుల్లో ఉన్నప్పుడు నర్సులూ రోగులూ ఎక్కువగా మాట్లాడుకోవడం కనిపించింది. మరికొన్ని చోట్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. అయినా గాలి అటే వీచింది. బ్రిటన్‌లో మానసిక వార్డుల్లోని నర్సులు చాలామంది యూనిఫాంలు వదిలేశారు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. కొత్తగా చేరిన రోగికి ఎవర్ని పిలవాలో తెలియదు. వార్డులో పది మంది కనిపిస్తారు. అందులో నర్సు ఎవరు? తోటి రోగి ఎవరు? పక్క మంచం వాళ్ల అన్నయ్య ఎవరు? అసలే ఎవర్ని నమ్మాలో తెలియని మనిషి. మామూలు చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి 'ఈ మాత్ర వేసుకో' అంటే ఏమనుకోవాలి? గొడవ జరిగినప్పుడు సహాయానికి పరుగెత్తుకొచ్చిన పక్క వార్డు సిబ్బందికీ ఇదే సమస్య. క్షణాల్లో ఎవరు ఎవరో తేల్చుకోవాలి.

ఇంకో చిక్కూ ఉంది. యూనిఫాం తీసేస్తే సమానత్వం వస్తుందనుకున్నారు. కానీ బట్టలు కూడా మాట్లాడతాయిగా! ఖరీదైన చీర, బ్రాండ్ జీన్సు, మెరిసే గడియారం... ఇవన్నీ ఉద్యోగం పోయి, పొలం పోయి, ఇంట్లో ఎవరికీ అక్కర్లేక ఆ వార్డుకు చేరినవాళ్ల కళ్లెదుట తిరుగుతుంటే అదీ ఓ దూరమే. యూనిఫాం గోడ కూలింది గానీ దాని స్థానంలో డబ్బు గోడ లేచింది. నర్సుకీ నష్టమే. డ్యూటీలో చిరిగిన చీర, మరకపడ్డ చొక్కా ఎవరు కొనిస్తారు? పైగా యూనిఫాం విప్పితే డ్యూటీ దిగినట్టు. మామూలు బట్టలైతే వార్డు ఇంటిదాకా వెంట వస్తుంది.

అందుకే బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు మళ్లీ యూనిఫాం వైపు తిరిగాయి. కాకపోతే పాత తెల్లగౌను కాదు. రంగు పోలో టీషర్టు, ప్యాంటు, గుండె మీద పేరు. 2013లో కేట్ గ్రేంజర్ అనే బ్రిటిష్ డాక్టరు తానే క్యాన్సర్ రోగిగా మంచం మీద ఉండి ఒక విషయం గమనించారు. తన దగ్గరికొచ్చే సిబ్బందిలో చాలామంది పేరు కూడా చెప్పుకోవడం లేదని. 'హలో, నా పేరు...' అంటూ ఆమె మొదలుపెట్టిన ప్రచారం ఆసుపత్రులన్నిటికీ పాకింది. ఆ మాటలతోనే పెద్ద అక్షరాల పేరు బిళ్లలు వచ్చాయి. ఏం తొడుక్కున్నావన్న ప్రశ్న కంటే ఎవరివో చెప్పావా అన్న ప్రశ్నే రోగికి ముఖ్యం అన్నమాట!

పల్లూ... పిన్నీసూ... పుస్తెలూ

విదేశాల వాదన అంతా యూనిఫామా, మామూలు దుస్తులా అన్న దగ్గరే తిరుగుతుంది. మన దగ్గర దానికి ఇంకో ముడి ఉంది. చీర!

మన నర్సులకు గౌరవం తెచ్చిన దుస్తులు అవే, కాదనలేం. కానీ ఉద్రేకంలో ఉన్న రోగి ఉన్న వార్డులో ఆ చీరే ఇబ్బంది. పల్లూ ఎవరి చేతికైనా అందుతుంది. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి. పరుగెత్తాలంటే కష్టం. పల్లూ జారకుండా పిన్నీసు పెట్టుకుంటారు. అయితే మానసిక వార్డులోకి మొనదేలిన వస్తువులు రాకూడదన్నది మొదటి నియమం. రోగి సంచీ వెతికి పిన్నీసు తీసేసుకునే నర్సు భుజం మీదే పిన్నీసు ఉంటే ఎలా?

చాలా ఆసుపత్రులు ఇప్పుడు చుడీదార్‌కీ, ప్యాంటూ పొడవు చొక్కాకీ మారాయి. అది మంచి మార్పే. అయితే చున్నీ మిగిలిపోతే సమస్యా మిగిలినట్టే. మెడచుట్టూ ఉండే ఏ గుడ్డయినా, ఏ తాడయినా ఈ వార్డులో ప్రమాదమే. గుర్తింపు కార్డు తాడూ అంతే. లాగితే దానంతటదే ఊడిపోయే తాళ్లు దొరుకుతాయి. లేదంటే కార్డును జేబుకి క్లిప్పుతో పెట్టుకోవడం మేలు.

ఇక మంగళసూత్రం. విదేశీ నియమావళిలో 'గొలుసులు వద్దు' అని ఒక్క ముక్కలో రాసేస్తారు. మన ఇళ్లలో అది ఒక్క ముక్కతో తేలే విషయం కాదు. పుస్తెలు తీసి లాకర్లో పెట్టమంటే ఎంతమంది ఒప్పుకుంటారు? మెడ మూసి ఉండే చొక్కా అయితే గొలుసు లోపలే ఉంటుంది. పైకి కనపడదు, చేతికి అందదు. అంటే నర్సు నమ్మకాన్నీ, భద్రతనూ రెంటినీ కాపాడేది కాలరు కొలతే! దుస్తులు కుట్టించేటప్పుడు నర్సులను అడిగి కుట్టించాలనేది ఇందుకే.

వాలుజడ, వేలాడే జూకాలు, గాజు గాజులు, ఎత్తు మడమల చెప్పులు... వీటన్నిటికీ ఇదే లెక్క. జడను ముడి వేసుకుని రబ్బరు బ్యాండు పెట్టుకోవచ్చు. ఇనుప పిన్నులు వద్దు. ఘాటైన సెంటు కూడా ఆలోచించాల్సిందే. లేని వాసనలు వస్తున్నట్టు అనిపించే రోగులు ఉంటారు. వాళ్లకది ఇంకో అనుమానం. అలాగే దుస్తులు మరీ బిగుతుగానో పల్చగానో ఉంటే, ఉన్మాద స్థితిలో అదుపు తప్పిన రోగి దాన్ని మరోలా అర్థం చేసుకోవచ్చు. ఇది నర్సు నడవడికకు సంబంధించిన తీర్పు కాదు. రోగి జబ్బు గురించిన ఎరుక. ఆ తేడా తెలియక కొందరు పెద్దలు నియమాల పేరుతో నర్సుల్ని మందలిస్తారు. అసలు ఇబ్బంది అక్కడే!

రోగి యూనిఫాం తీసేసిన చట్టం

మన దేశంలో 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులోని 20వ సెక్షన్ చదివితే దుస్తులు ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. రోగి కోరుకుంటే సొంత బట్టలే వేసుకోవచ్చు. ఆసుపత్రి యూనిఫాం తొడుక్కోమని బలవంతం చేయకూడదు. నిర్బంధంగా గుండు గీయకూడదు. గోఫ్‌మన్ 1961లో రాసిన మాట యాభై ఆరేళ్లకు మన చట్టంలోకి వచ్చింది.

దాంతో ఇంకో ప్రశ్న పుట్టింది. రోగులూ మామూలు బట్టల్లో, నర్సులూ మామూలు బట్టల్లో ఉంటే గుర్తు పట్టేదెలా? అంటే రోగి యూనిఫాం పోయాక నర్సు గుర్తింపు ఇంకా ముఖ్యమైంది. కాకపోతే ఆ గుర్తింపు ఏ రంగులో ఉండాలన్నదే అసలు సంగతి.

ఖాకీ సంగతే చూడండి. వీధుల్లో తిరిగే మానసిక రోగుల్ని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ్యతను ఇదే చట్టం 100వ సెక్షన్‌లో పోలీసులకు అప్పగించింది. అలా ఖాకీల వెంట వచ్చిన మనిషికి వార్డులోనూ ఖాకీయే ఎదురైతే తాను ఆసుపత్రికి వచ్చానని ఎలా నమ్ముతాడు? అటెండెంటు రంగు మార్చడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఆలోచిస్తే చాలు.

అన్ని వార్డులకూ ఒకే జత కుదరదు

మానసిక వైద్యం అంటే ఒకే వార్డు కాదు. అందుకే జవాబూ ఒకటి కాదు.

తీవ్రమైన స్థితిలో ఉన్నవాళ్ల వార్డులో లేత నీలమో ఆకుపచ్చో రంగులో ప్యాంటూ చొక్కా, బూట్లు. పరుగెత్తడానికి వీలు, పట్టుకుంటే చిక్కనివి. కరెంటు చికిత్స ఇచ్చే రోజు వేరు. ఇప్పుడా చికిత్స మత్తుమందూ, కండరాలు సడలించే మందూ లేకుండా ఇవ్వడాన్ని చట్టం నిషేధించింది. అంటే అది ఆపరేషన్ గది లాంటి పనే. దానికి తగ్గ దుస్తులే ఉండాలి. పిల్లల విభాగంలో బొమ్మల అచ్చు ఉన్న చొక్కా మాట కలుపుతుంది. మతిమరుపు వార్డులో మాత్రం యూనిఫాం స్పష్టంగా ఉండాలి. బ్రిటన్‌లోని కొన్ని వృద్ధాశ్రమాల్లో ఇంకో చిత్రమైన పద్ధతి పెట్టారు. రాత్రి డ్యూటీ సిబ్బంది పైజమాల్లో తిరుగుతారు. అర్ధరాత్రి లేచి 'తెల్లారిపోయింది, వెళ్లొస్తా' అని బయల్దేరే పెద్దాయనకు ఎదురుగా పైజమాలో మనిషి కనిపిస్తే 'ఓహో, ఇంకా రాత్రే' అని అర్థమవుతుంది. మాట కంటే బట్ట ముందు చెప్పేస్తుంది!

రోగి ఇంటికి వెళ్లే నర్సు సంగతి పూర్తిగా తారుమారు. అక్కడ యూనిఫాం వద్దు. పల్లెలో ఓ ఇంటి ముందు తెల్ల దుస్తుల మనిషి నెలనెలా ఆగితే వీధంతా కనిపెట్టేస్తుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచుకోవడం అతని హక్కని చట్టమే చెబుతోంది. ఆ ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉంటే ఆ గోప్యత విలువెంతో చెప్పక్కర్లేదు.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఈ పాఠం ఇంకోసారి అర్థమైంది. తలనుంచి కాళ్లదాకా కిట్లు. ముఖం లేదు, నవ్వు లేదు. తన చుట్టూ ఏదో కుట్ర జరుగుతోందని నమ్మే రోగికి అంతకంటే భయం ఏముంటుంది? అప్పుడు ఆసుపత్రుల్లో కొందరు సిబ్బంది కిట్ మీద తమ పేరు రాసుకున్నారు. నవ్వుతున్న ఫొటో అంటించుకున్నారు. ఆ ఒక్క కాగితం ముక్కతో ఆకారం మళ్లీ మనిషి అయింది.

డ్యూటీకి బయల్దేరే ముందు...

* మెడ చుట్టూ చున్నీ, స్కార్ఫ్, బయటికి కనిపించే గొలుసు లేకుండా చూసుకోవాలి.
* గుర్తింపు కార్డు క్లిప్పుతో ఉండాలి. తాడయితే లాగగానే ఊడేది కావాలి. పేరు పెద్ద అక్షరాల్లో, తెలుగులోనూ ఉంటే మంచిది.
* జుట్టు ముడి వేసుకోవాలి. ఇనుప పిన్నులు, పిన్నీసులు వద్దు.
* వేలాడే జూకాలు, గాజు గాజులు తీసేయాలి. గోళ్లు కత్తిరించుకోవాలి.
* కాలివేళ్లు కప్పే, జారని, చప్పుడు చేయని బూట్లు వేసుకోవాలి.
* కత్తెర, సిరంజి, పెన్నులు పైజేబులో పెట్టుకోకూడదు. వార్డులోకి వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ లెక్క చూసుకోవాలి.
* తాళాలు చప్పుడు కాకుండా లోపలి జేబులో ఉండాలి. రోగికి అవి కనపడకపోతేనే మంచిది.

చివరికి తేలేదేంటి?

తెల్ల చీరా, మామూలు చుడీదారా అన్న ప్రశ్నకు డెబ్బై ఏళ్లలో ఒక్క జవాబు రాలేదు. రాదు కూడా. కానీ ఏ దుస్తులనైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చు. వీటిని చూసి రోగి భయపడతాడా? అవసరమైనప్పుడు 'ఈమే నర్సు' అని ఒక్క చూపులో తెలుసుకోగలడా? వీటితో నర్సు క్షేమంగా ఇంటికి చేరుతుందా? మూడింటికీ మంచి జవాబే వస్తే అవే సరైన దుస్తులు. ఆ జవాబులు చెప్పాల్సింది టెండరు పిలిచే గుమాస్తా కాదు. రాత్రి డ్యూటీ చేసే నర్సు. వీలైతే కోలుకుని ఇంటికెళుతున్న రోగి.

మొదట్లో చూసిన ఆ కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళదాం. అదే రాత్రి. అదే వరండా. ఈసారి నర్సు లేత నీలం చొక్కాలో ఉంది. తాళాల చప్పుడు లేదు. నాలుగడుగుల దూరంలోనే ఆగి తన పేరు చెప్పింది. 'నేను ఈ వార్డు సిస్టర్‌ని. నిద్ర పట్టడం లేదా బాబూ?' అని అడిగింది. అతను వెంటనే నమ్మకపోవచ్చు. రేపూ నమ్మకపోవచ్చు. కానీ ఆ రాత్రి అతను గోడకేసి నక్కకుండా మంచినీళ్లు అడిగితే చాలు... వైద్యం మొదలైనట్టే.